పొద్దున పోలీసు, మధ్యాహ్నం దొంగ

ఆ వేసవిలో మా అత్తగారు చాలా సినిమాలు చూశారు. ఒక్కటి కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదు.

తప్పు ఆవిడది కాదు, వేళలది. వారానికి మూడు రోజులు డయాలసిస్. మేం వార్డులోకి వెళ్ళేసరికి గోడమీది టీవీలో పొద్దుటి సినిమా సగానికి వచ్చి ఉండేది. బరువు చూసి, చేతికి రెండు సూదులు గుచ్చి, గొట్టాలు మిషనుకి తగిలించేసరికి హీరోకి ఎవరిమీదో పగ పుట్టి ఉండేది. ఆ పగ తీరి, మిగిలినవాళ్ళంతా వరసగా నిలబడి నవ్వాక, ప్రకటనలు వచ్చి, మధ్యాహ్నం సినిమా మొదలయ్యేది. అది సగంలో ఉండగా మిషను కూత పెట్టేది. సూదులు తీసి, దూది నొక్కిపట్టి, మళ్ళీ బరువు చూసి ఇంటికి పంపేవారు. అంటే ఒక సినిమా తోక, ఇంకో సినిమా తల.

"ఏం పరవాలేదు," అనేవారు మా అత్తగారు. "ఎక్స్‌ఛేంజిలోనూ ఇంతేగా. 'హలో' దాకా వినడం, ప్లగ్గు పెట్టి వదిలేయడం. తర్వాత వాళ్ళు తిట్టుకున్నారో, ముద్దులాడుకున్నారో మనకెందుకు?"

ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో చేశారు. అందుకే సినిమాల్లో ఆవిడ పట్టుకున్న మొదటి తప్పు ఫోనుదే. "ఒక్కడైనా 'ఉంటాను' అంటాడేమో చూడు. తన మాట అయిపోగానే టక్కున పెట్టేస్తాడు. అవతలివాళ్ళకి మర్యాద అక్కర్లేదా?"

ఈ ప్రశ్న పక్క మంచంమీది డ్రిల్లు మాస్టారికి. ఏదో స్కూల్లో పిల్లల చేత వ్యాయామం చేయించి రిటైరైన మనిషి. ఒంట్లో కండంతా కరిగిపోయినా, వార్డులోకి ఎవరైనా వీపు వంచుకుని నడిచివస్తే "నిటారుగా!" అని అరిచేవారు. రిమోటు ఆయన దగ్గరే ఉండేది. ఎవరిచ్చారో తెలీదు.

నన్ను అత్తగారి కాళ్ళ దగ్గర కుర్చీలో కూర్చోనిచ్చేవారు, కాళ్ళకి నీలం కవర్లు తొడుక్కోవాలన్న షరతుమీద. బట్టల దుకాణం నుంచి పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లు తెచ్చుకుని, అంచులు మడిచి చేత్తో కుట్టడం నా పని. తల వంచితే ప్యాంటు, ఎత్తితే మిషను. కాబట్టి ఆ సినిమాలు నేను చూడలేదు, విన్నాను. వాటికన్నా ఎక్కువగా వీళ్ళిద్దరినీ విన్నాను.

"ఆ పరుగు చూశారా అక్కగారూ? మడమలమీద పరిగెడుతున్నాడు. ఇలా అయితే వీధి మలుపు కూడా దాటలేడు. వీడు పదిమందిని తరుముతాడట!"

"మీరు కాళ్ళే చూస్తారు మాస్టారూ, మొహాలు చూడరు."

"మొహాల్లో చూడ్డానికి ఏముందండీ? అన్ని సినిమాల్లో అవే మొహాలు."

అది నిజమే. ఆ చానలు వాళ్ళ దగ్గర పాత సినిమాలు తక్కువ, కొత్త సినిమాలు బోలెడు. నటులు మాత్రం పట్టుమని పదిమంది. పొద్దున చూసినవాడే మధ్యాహ్నం ఇంకో చొక్కాలో వచ్చేవాడు. ఒకరోజు పొద్దుటి సినిమాలో నిజాయితీకి ప్రాణమిచ్చిన పోలీసు, మధ్యాహ్నం సినిమా మొదట్లోనే నల్ల బనీను వేసుకుని గోడ దూకాడు.

"పొద్దున పోలీసు, మధ్యాహ్నం దొంగ," అన్నారు మా అత్తగారు తాపీగా. "భోజనానికని వెళ్ళి చెడిపోయినట్టున్నాడు."

మాస్టారు నవ్విన నవ్వుకి ఆయన మిషను కూత పెట్టింది. టెక్నీషియనమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "తాతగారూ, నవ్వండి గానీ చెయ్యి కదల్చకండి. బామ్మగారూ, మీరు కాస్త జోకులు తగ్గించండి."

"ఉప్పు తగ్గించమన్నారు, నీళ్ళు తగ్గించమన్నారు, ఇప్పుడు ఇదొకటా?" అన్నారు మా అత్తగారు. తర్వాత ఆ అమ్మాయినే నిలదీశారు. "అమ్మాయ్, మీ ఆపరేషను గది తలుపుమీద ఎర్ర బల్బు ఉందా?"

"లేదండీ."

"మరి లోపల పని జరుగుతోందని బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"తెలీదండీ. కూర్చుంటారు."

"అదీ సంగతి. సినిమాల్లో కూర్చోవడం చూపించరు."

ఎండలు ముదిరేకొద్దీ ఆవిడ విమర్శ ముదిరింది. డయాలసిస్ మనిషికి రోజుకి ఇన్నే నీళ్ళని లెక్క ఉంటుంది. పొద్దున్నే ఒక చిన్న సీసా నింపి ఆవిడ మంచం పక్కన పెట్టేదాన్ని. అందులో సగం మాత్రలకే పోయేది. మిగతా సగాన్ని ఆవిడ పొదుపుగా, పెదాలు తడుపుకుంటూ సాయంత్రం దాకా లాగేవారు. మరీ తాళలేకపోతే ఒక మంచుముక్క ఇచ్చేదాన్ని. దాన్ని బుగ్గన పెట్టుకుని, కరిగిపోయేదాకా మాట్లాడేవారు కాదు.

"సినిమాల్లో ఎవరూ నీళ్ళు తాగరు, గమనించావా?" అన్నారొకసారి, ముక్క కరిగాక. "గ్లాసు తెస్తారు. ఒక గుటక వేస్తారు, పెట్టేస్తారు. లేకపోతే ఏడుపు వార్త వినగానే వదిలేస్తారు, అది భళ్ళుమంటుంది. నిండు గ్లాసు ఎత్తి, అడుగుదాకా తాగి, మూతి తుడుచుకున్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎవరమ్మా ఈ కథలు రాసేది? దాహం తెలీనివాళ్ళు."

ఇదంతా పైపై మాట. అసలు సంగతి మా ఇంట్లో ఇంకొకటి నడుస్తోంది.

వేసవి మొదట్లోనే కిడ్నీల డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్ళెవరైనా కిడ్నీ ఇవ్వగలిగితే మంచిదన్నాడు. ఆయన వాక్యం పూర్తికాక ముందే మా ఆయన "నేనున్నానుగా" అన్నారు. బస్సులో ఎవరికో సీటు ఇచ్చినంత తేలిగ్గా అన్నారు. డాక్టరు మెచ్చుకోలుగా తల ఊపాడు. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.  నన్నెవరూ అడగలేదు.

నెత్తురు పరీక్షలు కలిశాయి. స్కానులు బాగున్నాయన్నారు. వానలు పడే వేళకి ఆపరేషను పెట్టుకోవచ్చన్నారు.

మా ఆడపడుచు వేరే ఊళ్ళో ఉంటుంది. ఆవిడకి షుగరు. అందుకని మొదటే లెక్కలోంచి తీసేశారు. రోజు విడిచి రోజు ఫోను చేసేది. "అన్నయ్యా, నువ్వు దేవుడివి. నాకీ రోగం లేకపోతే నేనే ఇచ్చేదాన్ని కదా," అని ఏడ్చేది. అది దొంగేడుపు కాదు. ఈయన "ఛ, ఊరుకోవే, అదేమంత విషయం" అనేవారు. ఫోను పెట్టేశాక చాలాసేపు దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చునేవారు.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద మేడల్లో లిఫ్టు పైకీ కిందకీ తిరిగే గోతుల్లోకి దిగి, గ్రీజు పూసి, తాళ్ళు చూసి వచ్చే పని. మెట్లెక్కుతూ ఈల వేయడం ఆయనకి అలవాటు. కింది వాటాలవాళ్ళు ఆ ఈల విని గడియారం సరిచేసుకునేవారు. ఆ ఈల ఎప్పుడు ఆగిందో నాకు సరిగ్గా తెలీదు. ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి ఉంటే ఉలిక్కిపడ్డాను. అప్పుడు తెలిసింది, చాలా రోజులుగా వినపడటం లేదని. ఇంకొకటి కూడా. జేబులో విలువైనదేదో పెట్టుకుని బస్సెక్కినవాడు మాటిమాటికీ తడుముకున్నట్టు, కూర్చున్నప్పుడల్లా అరచెయ్యి నడుము ఎడమ పక్కకి పోయేది.

ఒక సాయంత్రం వంటింట్లో నేను గిన్నెలు తుడుస్తుంటే వచ్చి నిలబడ్డారు.

"ఒకటున్నా చాలంట. జీవితాంతం ఏం కాదంట."

"డాక్టరు చెప్పాడుగా."

"లిఫ్టుకి కూడా అంతే తెలుసా? నాలుగైదు తాళ్ళుంటాయి. ఒకటి తెగినా కింద పడదు. మిగతావి మోస్తాయి."

"ఒకటి తెగితే మీరు దాన్ని నడవనిస్తారా?" అన్నాను.

నేను మామూలుగానే అడిగాను.  "నడవనివ్వం. ఆపేసి, బోర్డు పెట్టి, తాడు మార్చాకే..." అని ఆగారు. "అది లిఫ్టు సంగతిలే."

"ఏమండీ, భయంగా ఉందా?"

"నాకా? నువ్వొకదానివి. ఇస్తానన్నాక భయమేంటి? అక్కడ అందరిముందూ అన్నాను కదా."

నేను మంచుముక్క గిన్నెలో వేసుకుని ముందుగదిలోకి వెళ్ళాను. మా అత్తగారు సీరియలు చూస్తున్నారు. టీవీ గొంతు బాగా తగ్గించి ఉంది. నేను గిన్నె అందిస్తుంటే ఆవిడ గిన్నెకేసి కాక నా మొహంకేసి చూశారు. తర్వాత సీరియలు వైపు తిరిగి, "వీళ్ళింట్లో ఎవరూ తలుపులు వేసుకోరు, చూశావా?" అన్నారు. "రహస్యాలన్నీ తలుపు తీసిపెట్టే మాట్లాడుకుంటారు. తలుపులు వేసుకునే ఇల్లయితే ఈ కథ వారంలో అయిపోయేది."

కిడ్నీ సినిమా వచ్చింది ఎండలు బాగా మండుతున్న ఒక రోజున.

అటువంటి సినిమాని ఆ వార్డులో వేయడం, పస్తులున్నవాళ్ళకి పెళ్ళిభోజనం చూపించడమే. మేం వెళ్ళేసరికి తాపీమేస్త్రి కొడుకూ కొత్త పెళ్ళామూ పాట పాడుకుంటున్నారు. అత్తగారికి సూదులు గుచ్చడం అయ్యేసరికి మేస్త్రికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డ్రిల్లు మాస్టారు గొంతు పెంచారు. అన్ని మంచాలమీదా తలలు తిరిగాయి. టెక్నీషియనమ్మాయి కూడా చేతిలో టేపు పట్టుకుని నిలబడిపోయింది.

సినిమాలో డాక్టరు కుటుంబాన్నంతా ఒక గదిలో నిలబెట్టి, ఎవరిస్తారని అడిగాడు. వయొలిన్లు మోగాయి. కొడుకు ముందుకొచ్చాడు. తల్లి వాటేసుకుంది. చెల్లెళ్ళు ఏడ్చారు. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటి పనిమనిషి, డాక్టరు, చివరికి వాచ్‌మన్ కూడా ఏడ్చారు. ఇదంతా నేను తలెత్తే చూశాను. కుట్టు ఆగిపోయింది.

"చూశారా అక్కగారూ, అచ్చం మీ అబ్బాయే," అన్నారు మాస్టారు. ఆయన గొంతు కూడా బరువుగానే ఉంది.

 మా అత్తగారి మొహం తెల్లబడింది. మిషను కూతపెట్టింది. బీపీ పడిపోయింది. టెక్నీషియనమ్మాయి వచ్చి మంచం కాళ్ళవైపు ఎత్తి, సెలైన్ వదిలింది. "ఏం లేదు బామ్మగారూ, కళ్ళు మూసుకుని పడుకోండి." ఆవిడ మూసుకున్నారు. టీవీలో ఆపరేషను అయింది, తండ్రీకొడుకులు పక్కపక్క మంచాలమీద చేతులు చాపుకుని పట్టుకున్నారు, సినిమా అయిపోయింది, ప్రకటనలు వచ్చాయి. ఆవిడ కళ్ళు తెరవలేదు. నేను మళ్ళీ ప్యాంటు అందుకున్నాను.

మధ్యాహ్నం సినిమా ఎవరిదో ఇంట్లో మొదలైంది. బల్ల చుట్టూ కుటుంబం, గోడమీద పెద్ద ఫోటో. ఆ ఫోటోలో ఉన్నది పొద్దుటి కొడుకే. ఈ సినిమాలో వాడు కథ మొదలవకముందే చచ్చిపోయిన పెద్దన్న. తమ్ముడు ఆ ఫోటో ముందు నిలబడి ఏదో ఒట్టేస్తున్నాడు.

మా అత్తగారు ఎప్పుడు కళ్ళు తెరిచారో, ఎంతసేపు చూశారో నాకు తెలీదు.

"అయ్యో పాపం," అన్నారు. "పోయాడా?"

"ఎవరండీ?" అన్నారు మాస్టారు.

"ఆ పిల్లాడే. కిడ్నీ ఇచ్చినవాడు. ఫోటో పెట్టేశారుగా."

"అది వేరే సినిమా అక్కగారూ. వాడు బాగానే ఉన్నాడు. తండ్రీకొడుకులు..."

"మొహం అదేగా," అన్నారావిడ. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే, కాళ్ళు కడుక్కోనివ్వకుండానే మా అత్తగారు చెప్పేశారు. "ఒరేయ్, నాకు నీ కిడ్నీ వద్దు."

"అదేంటమ్మా ఇప్పుడు?"

"ఇస్తే పోతారు. ఇవాళ చూశాను."

"ఎక్కడ చూశావ్?"

"టీవీలో. నీ అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే. ఇచ్చాడు, పోయాడు. గోడకి ఫోటో."

ఆయన నా వైపు చూశారు. నేను జరిగింది చెప్పాను, రెండు సినిమాల సంగతి. ఆయన పెద్దగా నవ్వి, తర్వాత తల పట్టుకున్నారు. మా అమ్మాయి తన ఫోను తెచ్చి నానమ్మ పక్కన కూర్చుంది. "ఇదిగో నానమ్మా, ఆ హీరో సినిమాల వరస. ఇది పొద్దుటిది, ఇది మధ్యాహ్నానిది. పేర్లు వేరు, కథలు వేరు. వాడు బతికే ఉన్నాడు, ఇదిగో నిన్న ఎక్కడో రిబ్బను కత్తిరిస్తున్నాడు."

"ఫోనులో ఏదైనా చూపిస్తారు," అన్నారు మా అత్తగారు.

"నానమ్మా! నువ్వు చదువుకున్నదానివి!"

"చదువుకున్నదాన్ని కాబట్టే కళ్ళారా చూసింది నమ్ముతాను."

"అమ్మా, నీకు మతిపోయిందా?" అని అరిచారు మా ఆయన. "ఇన్ని పరీక్షలు చేయించుకున్నాను. ఆఫీసులో సెలవు అడిగాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు!"

"నవ్వనీ."

ఆయన ఆ కోపంతోనే భోజనానికి కూర్చున్నారు. ఆ కోపంతోనే రెండోసారి వడ్డించమన్నారు. మూడోసారి కూడా. చాలా రోజుల తర్వాత ఆయన కంచం పూర్తిగా ఖాళీ అవడం చూశాను. "వినదు. మొండిది. ఏం చేస్తాం?" అంటూనే ఉన్నారు. తిన్నాక వెళ్ళి, వేసవి మొదటినుంచీ టకటకలాడుతున్న ముందుగది ఫ్యాను ఎక్కి బిగించారు.

తర్వాతి డయాలసిస్‌కి ఆయన కూడా వచ్చారు, సాక్ష్యం కోసం. వార్డు గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, మీరే చెప్పండి. ఈవిడ రోజూ ఇలాగే రెండు సినిమాలు కలిపేస్తుందా?" అని అడిగారు.

డ్రిల్లు మాస్టారు మా అత్తగారి వైపు చూశారు. ఆవిడ తన చేతిమీది టేపుని సరిచేసుకుంటున్నారు. ఆయన తర్వాత నా వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"కలిపేస్తారండీ," అన్నారు. "మొదట్నుంచీ అంతే."

డాక్టరు గదిలో మళ్ళీ అందరం కూర్చున్నాం. తీసుకునేవాళ్ళు ఒప్పుకోకుండా ఆపరేషను చేయరు. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు, మొదట శాస్త్రం, తర్వాత లెక్కలు, తర్వాత ఇచ్చి హాయిగా తిరుగుతున్నవాళ్ళ కబుర్లు. ఆవిడ అన్నిటికీ తల ఊపి, చివర "వద్దు బాబూ" అన్నారు. ఆయనకి కూడా నవ్వొచ్చింది.

"అమ్మా, ఒక్కటి ఆలోచించండి. కిడ్నీ పెట్టించుకుంటే ఈ మిషను ఉండదు. సూదులుండవు. నీళ్ళు కావలసినన్ని తాగొచ్చు."

"ఎన్ని?" అన్నారు మా అత్తగారు.

"ఎన్నంటే... మీ ఇష్టం. దాహం తీరేదాకా."

డాక్టరు బల్లమీద గాజు కూజా ఉంది. దానికి బయట చెమట పట్టి, ఒక చుక్క మెల్లగా కిందికి జారుతోంది. మా అత్తగారు ఆ చుక్క బల్లని తాకేదాకా దాన్నే చూశారు. పెదాలు ఒకసారి తడుపుకున్నారు. 

"ఫోటో మాత్రం నేను చూశాను డాక్టరుగారూ," అన్నారు.

డాక్టరు కాయితాలు పక్కన పెట్టేశాడు. చనిపోయినవాళ్ళ కిడ్నీల కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో ఆవిడ పేరు చేర్చమన్నాడు. బయటికి వచ్చాక మా ఆయన "ఇక నా చేతుల్లో ఏం లేదు. అందరూ చూశారుగా," అని ఆస్పత్రి మెట్లు గబగబా దిగిపోయారు. పనికి వేళైందట. మలుపు తిరుగుతుండగా ఈల వినపడింది.

ఆ తర్వాత వార్డులో కొన్ని రోజులపాటు ఆవిడ సినిమాల గురించి ఎక్కువ మాట్లాడలేదు. మాస్టారు పరుగుల్ని విమర్శిస్తుంటే "ఊఁ" కొట్టేవారు. ఒక మధ్యాహ్నం మాస్టారు నిద్రపోయారు. నేను ఒక ప్యాంటు ముగించి మడత పెడుతూ, గొంతు తగ్గించి అడిగాను.

"అత్తయ్యా, అది వేరే సినిమా అని మీకు తెలుసుగా?"

ఆవిడ టీవీ వైపే చూస్తున్నారు. "ఆ కిడ్నీ సినిమాలో నాకొకటి నచ్చలేదు," అన్నారు.

"ఏంటది?"

"మనం వెళ్ళేసరికి పాట వస్తోంది. ఆ పాటలో పెళ్ళాం ఉంది. ఎర్ర గాజులు, ఇంత బొట్టు, చక్కని పిల్ల. తర్వాత ఆ డాక్టరు గదిలో వాడు ఇస్తానన్నప్పుడు తల్లి మొహం చూపించాడు. చెల్లెళ్ళవి చూపించాడు. బాబాయిది, పనిమనిషిది, ఆ వాచ్‌మన్‌ది కూడా చూపించాడు. పెళ్ళాం మొహం ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చూపించలేదు." తల అడ్డంగా ఊపారు. "అలా తీయకూడదు సినిమా."

మడత పెట్టిన ప్యాంటునే విప్పి మళ్ళీ మడత పెట్టాను. ఆవిడ నేనేమైనా అంటానని ఎదురుచూడలేదు. మిషను తిరుగుతూనే ఉంది.

తొలి వానలు పడ్డ వారంలో మా ఆడపడుచు వచ్చింది. అప్పటికి ఆ సంగతి ఇంట్లో ఒక కథ అయిపోయింది. మా ఆయన అందరికీ చెప్పేవారు, పనివాళ్ళకి, కింది వాటాలవాళ్ళకి, ఫోనులో చుట్టాలకి. బాగా చెప్పేవారు కూడా. అత్తగారి గొంతు అనుకరించి "ఫోటో మాత్రం చూశానండీ" అనేసరికి వినేవాళ్ళు పొట్ట పట్టుకునేవారు. చివర్లో "పాపం, పిచ్చిది" అనేవారు, ప్రేమగానే.

ఆ మాట మెల్లగా ఇంట్లో స్థిరపడింది. అంతకుముందు ఈ ఇంట్లో ఏ చిన్న పని చేయాలన్నా ఆవిడని అడగందే జరిగేది కాదు. మా అమ్మాయిని ఏ చదువులో పెట్టాలన్నది కూడా ఆవిడే తేల్చారు. ఇప్పుడు ఆవిడ ఏదైనా అంటే మా ఆయన నవ్వి, "ఇది ఏ సినిమాలో అమ్మా?" అనేవారు. మా అమ్మాయి కూడా నవ్వేది. ఆవిడ కూడా కొంచెం నవ్వి ఊరుకునేవారు. చేసిన బేరానికి వెల తెలిసినావిడే.

ఆడపడుచు వచ్చిన సాయంత్రం అందరం ముందుగదిలో కూర్చున్నాం. బయట వాన. కథ మళ్ళీ ఒకసారి మొదటినుంచీ చెప్పడం, నవ్వుకోవడం అయింది.

"అన్నయ్యా, ముందు అమ్మకి ఆ టీవీ మాన్పించండి. అన్నీ నిజమనుకుంటోంది," అంది ఆడపడుచు. "నేను ఆలోచించాను. కొన్నాళ్ళు నాతో తీసుకెళ్తాను. మా వీధి చివరే డయాలసిస్ ఉంది. వదినకి కూడా కాస్త ఊపిరాడుతుంది."

"మంచిదే," అన్నారు మా ఆయన. "ఎప్పుడు బయల్దేరతారు?"

"ఆదివారం. సామాను ఎక్కువొద్దు. ఆ పాత మంచం అవీ వద్దు, నేను కొత్తది తెప్పిస్తాను. కిటికీ వైపు కాకుండా లోపలి గది ఇస్తే చలి తగలదు."

"అమ్మకి చలే పడదులే. గోడ వైపు వేయి."

వాళ్ళిద్దరూ మంచం ఎటు వేయాలో మాట్లాడుకుంటున్నారు. మా అత్తగారు వాళ్ళ మధ్యే కూర్చుని, ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తున్నారు. మాట ఎక్కడా అడ్డం పెట్టలేదు. పెడితే ఏం వినాల్సివస్తుందో ఆవిడకి తెలుసు.

"అత్తయ్యని అడగండి," అన్నాను.

మా ఆయన తిరిగి చూశారు. "ఏంటి?"

"వెళ్తారో లేదో అత్తయ్యని అడగండి."

"ఆవిడనేం అడుగుతావే? నీకు తెలీదా ఆవిడ సంగతి?"

"తెలుసు. నాకు బాగా తెలుసు. అందుకే అడగమంటున్నాను."

నా గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. ఆడపడుచు మాట మధ్యలో ఆగిపోయింది. మా అమ్మాయి ఫోను కిందపెట్టింది. అందరూ ఒక్కసారి నా మొహంలోకి చూశారు. ఆయనైతే చాలాసేపు చూశారు. ఆయన మొహంలో నవ్వు ముందు సన్నబడి, తర్వాత ఎటో పోయింది. ఏదో అడగబోయి, అడగకుండా తల దించుకున్నారు.

"నువ్వు... ఏమంటావమ్మా?" అన్నారు తల్లితో. ఆ కథ మొదలయ్యాక అదే మొదటిసారి అలా అడగడం.

మా అత్తగారు చీర కుచ్చెళ్ళు సర్దుకుని, కుర్చీలో వీపు నిటారుగా పెట్టుకున్నారు.

"ముందు ఆ కిటికీ వేయండి," అన్నారు. "వాన చప్పుడులో నా మాట వినపడదు."

ఆయనే లేచి వెళ్ళి వేశారు.